తారు కింద ఏముంది?

చలికాలం ఆదివారం పొద్దున అరకు ఘాటు రోడ్డు మీద నిలబడితే సైకిళ్ళ మీద వచ్చే పట్నం వాళ్ళు కనిపిస్తారు. తలకు హెల్మెట్లు, చేతులకు తొడుగులు, సీసాల్లో రంగు నీళ్ళు. విశాఖపట్నం నుంచి కొండెక్కి వస్తారు. ఫొటోలు తీసుకుంటారు, కాఫీ తాగుతారు, మళ్ళీ కిందికి జారిపోతారు. ఒకసారి మా బడిలో తొమ్మిదో తరగతి చదివే కుర్రాడు నా పక్కన నిలబడి వాళ్ళనే చూస్తున్నాడు. "మాస్టారూ, ఆ సైకిలు ఎంతుంటాది?" అని అడిగాడు. లక్ష దాటినవి కూడా ఉంటాయని చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "మరి వెనకాల కేరేజీ లేదేటి? మూట ఎక్కడ కడతారు?" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. తర్వాత ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మనకు సైకిలంటే బియ్యం మూట, కట్టెల మోపు, బడికి పోయే చెల్లెలు. వాళ్ళకు సైకిలంటే ఒంటి కసరత్తు, కంటికి పండగ. రెండూ తప్పు కాదు. కానీ రేపు మన కొండల్లో సైకిళ్ళ కోసమే ఒక దారి వేస్తామని ఎవరైనా వస్తే, ఆ దారికి కేరేజీ ఉంటుందా? అంటే మన బరువు మొయ్యడానికి అందులో చోటుంటుందా? ఈ వ్యాసం అడిగేది ఇదొక్కటే.

దారిని చదవడం

మోటారు బండ్లు రాకుండా, నడిచేవాళ్ళకూ సైకిలు తొక్కేవాళ్ళకూ మాత్రమే వేసే దారిని గ్రీన్‌వే అంటున్నారు. చాలా దేశాల్లో మూతపడిన రైలు మార్గాలను ఇలా మార్చారు. రైలు దారికి ఎత్తుపల్లాలు తక్కువ, వంపులు మెత్తన, వంతెనలూ సొరంగాలూ ముందే ఉంటాయి. పట్టాలు తీసేసి, చదును చేసి, తారో కంకరో పోస్తే సరిపోతుంది. స్పెయిన్ దేశం 1993లో మొదలుపెట్టి మూడు వేల కిలోమీటర్లకు పైగా ఇలాంటి దారులు వేసింది. యాత్రికులు వస్తారు, పల్లెల్లో నాలుగు రోజులుంటారు, భోజనానికీ పడకకూ సైకిలు అద్దెకూ డబ్బు ఖర్చుపెడతారు. కారులో వచ్చినవాడు ఒకచోట ఆగి వెళ్ళిపోతాడు. సైకిలు మీద వచ్చినవాడికి ప్రతి పది కిలోమీటర్లకూ ఆకలేస్తుంది. పల్లెకు లాభం అక్కడే ఉంది. ఇంతవరకూ పేచీ లేదు.

పేచీ వచ్చేది వారసత్వం అనే మాట దగ్గర. ఇలాంటి దారులు "ప్రాంతీయ వారసత్వాన్ని కాపాడతాయి" అని ప్రతి ప్రణాళికలోనూ రాస్తారు. ఎవరి వారసత్వం? ఎవరు చెప్పింది? ఏది చెప్పి ఏది దాచింది? మనం కథనూ కవితనూ విమర్శించినట్టే దారినీ విమర్శించాలి. దారి కూడా ఒక పుస్తకమే. దాని పక్కన పాతిన బోర్డులు దాని వాక్యాలు. ఎక్కడ బోర్డు లేదో అక్కడ ఒక మౌనం ఉంది. ప్రపంచంలో పేరుపొందిన రెండు దారులను అలా చదివి, ఆ తర్వాత మన కొండలకు వద్దాం. ఒకటి ఐర్లండ్‌లో ఉంది. రెండోది అమెరికాలో, ఒక ఆదివాసీ తెగ నేల మీద ఉంది.

మొదటి రైలు, చివరి రైలు

ఐర్లండ్ పడమటి తీరంలో మేయో అనే జిల్లా ఉంది. అక్కడి వెస్ట్‌పోర్ట్ పట్టణం నుంచి ఆకిల్ దీవి దాకా 42 కిలోమీటర్ల సైకిలు దారి వేశారు. పేరు గ్రేట్ వెస్టర్న్ గ్రీన్‌వే. 2010లో న్యూపోర్ట్, ముల్రానీ ఊళ్ళ మధ్య మొదటి ముక్క తెరిచారు, 2011కి మొత్తం పూర్తయింది. ఒక పక్క సముద్రం, ఒక పక్క కొండలు, మధ్యలో గొర్రెల మందలు. సైకిలు అద్దె కొట్లు, టీ కొట్లు, ఇళ్ళల్లో బస చేసే గదులు వచ్చాయి. ముల్రానీలో 1897లో రైల్వే కంపెనీ కట్టిన హోటలు ఇవాళ్టికీ యాత్రికులతో నడుస్తోంది. ఐర్లండ్‌లో తర్వాత వచ్చిన చాలా దారులకు ఇదే నమూనా అయింది.

ఐర్లండ్ అంటే తెల్లదొరల దేశం, మనకేం పోలిక అనుకోవద్దు. ఆ పడమటి తీరం వాళ్ళు ఇంగ్లీషు పాలన కింద భూమి పోగొట్టుకున్నారు. 1840లలో బంగాళదుంప పంట కుళ్ళిపోయి కరువులో చచ్చారు. వాళ్ళ ఐరిష్ భాష బడి నుంచీ కచేరీ నుంచీ వెళ్ళగొట్టబడింది. ఆకిల్ దీవిలో కొన్ని ఊళ్ళు ఇప్పటికీ ఆ భాష మాట్లాడే ప్రాంతంగా ప్రభుత్వ గుర్తింపు పొందాయి. ఆ దీవి కుర్రకారు ప్రతి ఏడూ స్కాట్లండ్‌కు బంగాళదుంపలు తవ్వే కూలికి వలసపోయేవారు. మన్యం కుర్రాళ్ళు ఇటుక బట్టీలకూ, రొయ్యల చెరువులకూ, పట్నంలో లేచే అపార్ట్‌మెంట్లకూ పోయినట్టే.

1894 జూన్‌లో స్కాట్లండ్ పోయే ఓడ ఎక్కడానికి ఆకిల్ పిల్లలు తెరచాప పడవలో వెస్ట్‌పోర్ట్‌కు బయలుదేరారు. రేవు దగ్గర పడవ బోల్తా పడింది. 32 మంది మునిగిపోయారు. అప్పటికి రైలు మార్గం దాదాపు సిద్ధంగా ఉంది గానీ ఇంకా తెరవలేదు. ఆ శవాలను ఇంటికి చేర్చడానికి మొదటి రైలు నడిచింది.

43 ఏళ్ళు గడిచాయి. 1937 సెప్టెంబరులో గ్లాస్గో దగ్గర కిర్కింటిలాక్ అనే ఊళ్ళో ఆకిల్ కూలీలు పడుకున్న పాకకు నిప్పంటుకుంది. తలుపు తాళం వేసి ఉంది. పది మంది కాలిపోయారు. అందులో చిన్నవాడి వయసు 13. వాళ్ళ శవపేటికలను అదే రైలు ఆకిల్‌కు తెచ్చింది. అప్పటికే మూసేయాలని నిర్ణయమైపోయిన ఆ మార్గం ఆ నెలాఖరుకే ఆగిపోయింది. ఆకిల్ జనం మాటలో మొదటి రైలూ చివరి రైలూ మోసింది వలస కూలీల శవాలనే.

సైకిలు దారి వేసింది ఆ రైలు కట్ట మీద.

జోస్యం ఎవరిని కాపాడుతుంది?

ఈ కథను దాచిపెట్టారా అంటే, లేదు. పర్యాటక పుస్తకాల్లో చెబుతారు, గైడ్లు చెబుతారు. అయితే ఎలా చెబుతారో చూడండి. పదిహేడో శతాబ్దంలో ఆ ప్రాంతంలో బ్రియాన్ రువా అనే జోస్యగాడు ఉండేవాడట. నిప్పూ పొగా కక్కుతూ ఇనుప చక్రాల బండి ఒకటి వస్తుందనీ, అది మొదటిసారీ చివరిసారీ శవాలనే మోస్తుందనీ చెప్పాడట. అదే జరిగిందట! వినేవాళ్ళకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. కథ అక్కడితో అయిపోతుంది.

నా అభ్యంతరం అక్కడే. జోస్యం చెప్పుకోవడం తప్పని కాదు. మన పెద్దలూ చెబుతారు, మన గురువులూ చెబుతారు. అది మౌఖిక సాహిత్యం, దాని విలువ దానికుంది. తమ దుఃఖాన్ని భరించడానికి ఆకిల్ జనం ఆ కథను పట్టుకుని ఉంటారు. కానీ అదే కథ యాత్రికుడి నోట్లోకి వచ్చేసరికి దాని పని మారిపోతుంది. జోస్యం అన్నాక ఎవరి తప్పూ ఉండదు. ముందే రాసిపెట్టి ఉంది కాబట్టి జరిగింది. అప్పుడు 13 ఏళ్ళ పిల్లవాడు పరాయి దేశంలో దుంపలు తవ్వడానికి ఎందుకు పోయాడన్న ప్రశ్న మాయమైపోతుంది. కూలీలను పశువుల్లా పాకలో ఎందుకు పడుకోబెట్టారు? తలుపుకు తాళం ఎందుకు వేశారు? ఈ ప్రశ్నలు సముద్రపు గాలిలో కొట్టుకుపోతాయి. మిగిలేది ఒక వింత కథ, దాని పక్కన మంచి కాఫీ.

పర్యాటకం వారసత్వాన్ని చెడగొట్టే తీరు ఇదే. అబద్ధం చెప్పనక్కరలేదు. నిజం చెబుతూనే అందులోంచి కారణాన్ని తీసేస్తే చాలు. మన థింసా నాట్యాన్ని చూడండి. రిసార్టుల ముందు రోజూ సాయంత్రం మన ఆడవాళ్ళు చేతులు పట్టుకుని ఆడతారు. నాట్యం నిజమైనదే, ఆడేవాళ్ళూ నిజమైనవాళ్ళే. కానీ ఏ పండగకు ఏ అడుగు, ఏ పనిలోంచి ఏ కదలిక వచ్చింది, ఆ ఆడవాళ్ళు పగలు ఏం పని చేస్తారు, ఇవేవీ ఉండవు. కారణం పోయింది, కదలిక మిగిలింది.

అయినా ఆ ఐరిష్ దారి నుంచి మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. రైలు పోయాక ఆ కట్ట చాలాచోట్ల రైతుల చేతుల్లోకి వెళ్ళింది. దారి వేసేటప్పుడు ప్రభుత్వం ఆ భూమిని లాక్కోలేదు. వందకు పైగా రైతుల దగ్గరకు ఒక్కొక్కరి గడపకూ వెళ్ళి అనుమతి అడిగింది. భూమి రైతుదే, పోయే వీలు మాత్రం జనానిది. ఇష్టం లేకపోతే రైతు ఒప్పందం వెనక్కి తీసుకోవచ్చు. గ్రీన్‌వే అంటే ఐర్లండ్ అంతటా ఇలాగే జరిగిందని కాదు. అదే దేశంలో దక్షిణ కెర్రీ దారికి భూమిని నిర్బంధంగా సేకరించడానికి పూనుకుంటే రైతులు ఎదురుతిరిగారు, వ్యవహారం ఏళ్ళ తరబడి కోర్టుల్లో నలిగింది. దారి మంచిదే అయినా అడగకుండా వేస్తే గొడవే. మన గ్రామసభకు ఇది కొత్త పాఠం కాదు, కానీ గుర్తుచేసుకోవాల్సిన పాఠం.

చేతులు కడుక్కోండి

రెండో దారి అమెరికాలో, ఐడహో రాష్ట్రం ఉత్తర భాగంలో ఉంది. పేరు ట్రైల్ ఆఫ్ ది కోర్డలేన్స్. ముల్లన్ అనే గనుల ఊరి నుంచి ప్లమర్ అనే ఊరి దాకా సుమారు 117 కిలోమీటర్ల నున్నటి తారు దారి. ప్లమర్ కోర్డలేన్ తెగ రిజర్వేషన్‌లో ఉంది. కోర్డలేన్ అన్నది ఫ్రెంచి వర్తకులు పెట్టిన పేరు. బేరంలో గట్టివాళ్ళు కాబట్టి "ఆరె మొనలాంటి గుండె" వాళ్ళని అన్నారట. వాళ్ళు తమను తాము పిలుచుకునే మాట వేరే ఉంది. దానికి అర్థం "ఇక్కడే కనిపించినవాళ్ళు". పేరు పెట్టేవాడు ఎవడు, పేరు మోసేవాడు ఎవడు అన్నది మనకూ తెలిసిన బాధే.

1880లలో ఆ తెగ భూములకు తూర్పున కొండల్లో వెండి, సీసం దొరికాయి. ఖనిజం మోయడానికి రైలు వచ్చింది, తెగ నేల మీదుగానే పోయింది. వందేళ్ళ పాటు గనుల మడ్డి నదిలోకి వదిలారు. నది దాన్ని కింద చెరువులకూ, కోర్డలేన్ సరస్సుకూ చేర్చింది. రైలు కట్ట వేయడానికి కూడా చాలాచోట్ల ఆ గనుల చెత్తనే పోశారు. పెట్టెల్లోంచి ఖనిజం పొడి దారి పొడుగునా రాలింది. కెలాగ్ అనే ఊళ్ళో సీసం కరిగించే కార్ఖానా ఉండేది. 1973లో అక్కడ పొగను వడపోసే గదికి నిప్పంటుకుంది. వడపోత సరిగా లేకుండానే నెలల తరబడి కార్ఖానా నడిపారు. ఆ ఊరి పిల్లల రక్తంలో సీసం ప్రమాదకరంగా పెరిగింది. 1983లో ఆ ప్రాంతాన్ని ప్రభుత్వం జాతీయ స్థాయి విషవ్యర్థాల స్థలంగా ప్రకటించింది.

తెగ ఊరుకోలేదు. 1991లో గనుల కంపెనీల మీద దావా వేసింది. తమ నదినీ చేపనూ పక్షినీ పాడుచేసినందుకు పరిహారం కట్టి బాగుచేయాలని అడిగింది. సరస్సు దక్షిణ భాగపు అడుగు నేల తెగదేనని 2001లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. తొమ్మిది మంది న్యాయమూర్తుల్లో అయిదుగురు అటు, నలుగురు ఇటు. ఒక్క ఓటు తేడాతో నీళ్ళు నిలబడ్డాయి.

ఈలోగా రైలు మార్గం మూతపడింది. ఆ విషపు కట్టను ఏం చేయాలి? మొత్తం తవ్వి ఎత్తిపోయాలంటే ఖర్చు చాలా అవుతుంది. రైల్వే కంపెనీ, కేంద్ర ప్రభుత్వం, రాష్ట్రం, తెగ నలుగురూ కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చారు. కట్ట మీద తారు పోసి మూత పెడతారు, ఆ మూతే సైకిలు దారి అవుతుంది. కంపెనీ డబ్బుతో కడతారు. రిజర్వేషన్ లోపలి 24 కిలోమీటర్లు తెగ చేతుల్లో ఉంటుంది, మిగతాది రాష్ట్రం చూసుకుంటుంది. 2004లో దారి తెరిచారు.

ఆ దారి అందంగా ఉంటుందని అందరూ అంటారు. సరస్సు మీద పాత రైలు వంతెన, తుంగ చెరువులు, నీటిపక్షులు, పెద్ద కొమ్ముల దుప్పులు. కానీ అక్కడ యాత్రికుడికి కనిపించే హెచ్చరికల సారం ఏమిటంటే: దారి దిగకండి, నిర్ణయించిన చోటే కూర్చుని తినండి, తినేముందు చేతులు కడుక్కోండి. ఎందుకంటే పక్కనున్న మట్టిలో సీసం ఉంది.

నేను విన్న పర్యాటక బోర్డులన్నింటిలో ఇంత నిజాయితీ గల మాట మరొకటి లేదు. "చేతులు కడుక్కోండి" అన్న మాటలో నూరేళ్ళ చరిత్ర ఉంది. ఆకిల్ కథలో పోయిన కారణం ఇక్కడ మిగిలింది. పిల్లవాడు "ఎందుకు కడుక్కోవాలి నాన్నా?" అని అడిగితే తండ్రి గనుల గురించి చెప్పక తప్పదు.

మూతను మాత్రం మందు అనుకోకూడదు. తారు కింద విషం అలాగే ఉంది. దిగువ చెరువుల్లో వలస వచ్చే హంసలు అడుగు మట్టితో పాటు సీసం మింగి ఇప్పటికీ చనిపోతున్నాయి. ఆ తెగకు ఒక సంప్రదాయపు తిండి ఉంది, నీటి దుంప. చెరువు అంచుల్లో బురదలో పెరుగుతుంది. శరత్కాలంలో, నీళ్ళు గడ్డకట్టబోయే చలిలో దిగి తవ్వుకుంటారు. విషం చేరిన చోట ఆ దుంప తినడానికి పనికిరాదు. శుభ్రంగా ఉన్న చోట అక్టోబరులో తెగ పెద్దలు బడిపిల్లలను తీసుకెళ్ళి, బురదలో దింపి, దుంప తవ్వడం నేర్పుతారు. అది జరిగే పార్కు స్థలం కూడా 1908లో తెగ చేతుల్లోంచి రాష్ట్రానికి పోయిందే. సైకిలు దారి ఆ పార్కు గుండానే పోతుంది.

ఇప్పుడు చెప్పండి, ఆ దారిలో వారసత్వం ఏది? పాత వంతెనా? నున్నటి తారా? నా లెక్కలో బురదలో చేతులు పెట్టిన ఆ పిల్లలే వారసత్వం. దారి వాళ్ళ పక్కనుంచి పోతోంది కాబట్టే దానికి విలువ. వాళ్ళు లేకపోతే అది కంపెనీ చెత్త మీద కప్పిన దుప్పటి మాత్రమే. అందులో కొంత మేలు జరిగిందంటే తెగ ముందు కోర్టుకు వెళ్ళి, తర్వాత బల్ల దగ్గర కూర్చుంది కాబట్టి. పిలిస్తే వచ్చి డప్పు కొట్టి పోలేదు కాబట్టి.

మన ఖనిజపు రైలు

ఇక మన దగ్గరకు వద్దాం. అరకు లోయ గుండా పోయే రైలును పట్నం వాళ్ళు అందాల రైలు అంటారు. 2017 నుంచి దానికి అద్దాల పెట్టె కూడా తగిలించారు. అది అందాల కోసం వేసిన రైలు కాదు. 1960లలో బస్తర్‌లోని బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి, జపానుకు ఓడ ఎక్కించడానికి వేసిన కొత్తవలస – కిరండూల్ మార్గం. యాభైకి పైగా సొరంగాలు మన కొండల్లో తొలిచారు. ఆదివాసీల కొండలో తవ్వింది ఆదివాసీల ఇంకో కొండ మీదుగా సముద్రానికి పోతోంది. అద్దాల పెట్టెలో కూర్చున్నవాడికి సొరంగం రాగానే కేకలు వేయడం సరదా. ఎదురుగా వచ్చే గూడ్సు బండిలో ఏముందో అతనికి ఎవరూ చెప్పరు.

బొర్రా గుహలనే తీసుకుందాం. సున్నపురాయిలో నీళ్ళు చెక్కిన ఆకారాలకు దేవుళ్ళ పేర్లు చెప్పి చూపిస్తారు. ఆ బొర్రా పంచాయతీ పేరు దేశమంతటా న్యాయ పుస్తకాల్లో ఉంది. అక్కడి గ్రామాల్లో గనుల లీజుల మీద నడిచిన పోరాటమే సమత కేసు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది ఆ కేసులోనే. 1/70 చట్టానికి ప్రాణం పోసిన తీర్పు అది. గుహ ముందు నిలబడిన యాత్రికుడికి ఇది చెబితే గుహ అందం తగ్గుతుందా? పెరుగుతుంది. ఆ రాళ్ళు ఇంకా అక్కడ ఎందుకున్నాయో తెలుస్తుంది.

అందుకే ఎవరైనా మన లోయలో సైకిలు దారి వేస్తామంటే నేను వద్దనను. పర్యాటకం అక్కరలేదని కొందరు మిత్రులు వాదిస్తారు. వాళ్ళ భయం నాకర్థమవుతుంది. బినామీ పేర్ల మీద లేచిన లాడ్జీలను చూశాక ఆ భయం రాకుండా ఎలా ఉంటుంది? కానీ కాఫీ, మిరియాలు, రాజ్మా, పసుపు పండించే రైతు గుమ్మం ముందుకే కొనేవాడు వస్తే దళారీ బాధ కొంత తగ్గుతుంది. పదో తరగతి చదివి వలసపోయే కుర్రాడికి సైకిలు బాగుచేసే కొట్టో, దారి చూపే పనో ఊళ్ళోనే దొరికితే అది చిన్న విషయం కాదు. ఇద్దరి మాటా విని, నేను మూడు షరతులు పెడతాను.

మొదటిది అనుమతి. 1996 పెసా చట్టం గ్రామసభను అడగమంది. 2013 భూసేకరణ చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభ ముందస్తు అంగీకారం ఉండాలంది. మేయో జిల్లాలో గడప గడపకూ తిరిగి అడగగలిగారు. మన దగ్గర సభ పెట్టకుండానే తీర్మానం పుస్తకంలో వేలిముద్రలు తీసుకుపోయే అలవాటు ఉంది. అది పోవాలి.

రెండోది వరస. ఏ దారి ముందు? మన దగ్గర మూతపడిన రైలు పట్టాలు లేవు. మనకున్నవి కాలిబాటలు. ఆ బాటల మీదే కావిళ్ళతో సంతకు పోతాం. అడ్డాకులూ పిప్పళ్ళూ మోస్తాం. ఆ బాటల మీదే నొప్పులు పడే ఆడబిడ్డను డోలీ కట్టి మోసుకొస్తాం. రోడ్డు దాకా చేరకముందే ప్రాణం పోయిన తల్లులు మన గూడేల్లో ఉన్నారు. సైకిలు దారికి డబ్బుండి, డోలీ దారికి లేదంటే ఆ సైకిలు దారి ఎంత పచ్చగా ఉన్నా నాకు పచ్చదనం కనిపించదు. అంబులెన్సు వచ్చే దారి ముందు. ఆ తర్వాత మిగతావి.

మూడోది బోర్డు. దారి పక్కన ఏం రాయాలో ఎవరు నిర్ణయిస్తారు? టెండరు తీసుకున్నవాడా, మనమా? ఏ భాషలో రాస్తారు? కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లవాడికి తన కొండ పేరు తన నోటి తీరులో కనిపిస్తుందా, లేక ఇంకొకడు పలకలేక మార్చిన పేరే కనిపిస్తుందా?

బడిలో మొదలుపెడదాం

మొదటి రెండు షరతులకూ సభా, పోరాటం కావాలి. మూడోదానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఉపాధ్యాయ మిత్రులు రేపే మొదలుపెట్టవచ్చు.

మీ బడి నుంచి సంత దాకా ఉన్న పాత కాలిబాటను పిల్లలతో నడవండి. ప్రతి గెడ్డకూ, బండకూ, చింతచెట్టుకూ ఏం పేరుందో ముసలివాళ్ళను అడిగి రాయించండి. పేరు వెనక కథ ఉంటే కథ రాయించండి. కథ వెనక కారణం ఉంటే దాన్ని వదలనివ్వకండి. "ఇక్కడ దెయ్యం ఉంది" అని తాత చెబితే, "ఎవరు చనిపోయారు తాతా? ఎందుకు చనిపోయారు?" అని రెండో ప్రశ్న అడగడం నేర్పండి. జోస్యం దగ్గర ఆగిపోని పిల్లవాడే రేపటి రచయిత.

మా బడిలో ఒకసారి ఈ పని చేయించాను. ఒక బోర్డుకు సరిపడేంత, నాలుగు వాక్యాలకు మించకుండా రాయమన్నాను. చాలామంది జలపాతం గురించీ దేవత గురించీ రాశారు, బాగానే రాశారు. కేరేజీ ప్రశ్న అడిగిన ఆ కుర్రాడు మా ఊరి మలుపు దగ్గరున్న చదును బండ గురించి రాశాడు. "ఈ బండ మీద డోలీ దింపుతారు. మోసేవాళ్ళు నీళ్ళు తాగుతారు. మా పిన్నిని ఇక్కడే దింపారు. సైకిలు మీద వచ్చినవాళ్ళు కూడా ఇక్కడ ఆగి నీళ్ళు తాగవచ్చు."

ఆ నాలుగు వాక్యాలూ దారి పక్కన నిలబడిన రోజున, ఆ దారి మీద ఎవరు సైకిలు తొక్కినా నాకు అభ్యంతరం లేదు.